ప్రకాశం జిల్లా విస్తీర్ణం, జనాభా: ఏ లెక్క రాయాలి?

స్వాతి_సింగరాయకొండ | 6 జూలై 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పోటీ పరీక్షలకి చదువుతున్నాను. సొంత జిల్లా దగ్గరే తికమక పడుతున్నాను. ఒక పుస్తకంలో ప్రకాశం జిల్లా విస్తీర్ణం 17,626 చదరపు కిలోమీటర్లు, జనాభా 33,97,448 అని ఉంది. కోచింగ్ మెటీరియల్‌లో 14,322 చ.కి.మీ., 22.88 లక్షలు అని ఉంది. రెండిటి కిందా "2011 జనాభా లెక్కల ప్రకారం" అనే రాశారు. మండలాలు కూడా ఒకచోట 56, ఇంకోచోట 38. ఏది రాయాలి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

పొదిలి_మాస్టారు | 6 జూలై 2025, రాత్రి 9:40

రెండూ సరైనవే అమ్మా. జనాభా లెక్క పాతదే, జిల్లా సరిహద్దు మారింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. అప్పుడు చీరాల, పర్చూరు, అద్దంకి నియోజకవర్గాల్లోని 13 మండలాలు బాపట్ల జిల్లాలో కలిశాయి. కందుకూరు నియోజకవర్గంలోని 5 మండలాలు నెల్లూరు జిల్లాకి పోయాయి. 56లో 18 తీసేస్తే 38. ఆ 38 మండలాల్లో 2011లో ఉన్న జనాన్ని కూడితే వచ్చిందే నువ్వు చెప్పిన 22.88 లక్షలు. ఆ తర్వాత దేశంలో జనాభా లెక్కలే జరగలేదు కాబట్టి కొత్త జిల్లాకీ పాత తలలే.

ప్రశ్నలో "2022 పునర్విభజన తర్వాత" అని ఉంటే 14,322 రాయి. "పునర్విభజనకు ముందు" అని ఉంటే 17,626. 2022 పునర్విభజనలో మిగిలిన జిల్లాకి రెవెన్యూ డివిజన్లు ఒంగోలు, మార్కాపురం, కనిగిరి. జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న, అప్పటి పేరు ఒంగోలు జిల్లా. ప్రకాశం పంతులు గారి పేరు పెట్టింది 1972లో. ఈ రెండు తేదీలు కలిపేసి తప్పు రాసేవాళ్లు చాలామంది.

చీరాల_చేనేత | 6 జూలై 2025, రాత్రి 9:52

మమ్మల్ని బాపట్లకి పంపించి మూడేళ్లయింది. మా నాన్న ఇంకా "మన కలెక్టరు ఒంగోల్లో ఉంటాడు" అనే అంటాడు.

కాగితం_కలం | 6 జూలై 2025, రాత్రి 10:25

స్వాతి గారు ఇచ్చిన రెండు లెక్కల్నీ ఊరికే తీసివేసి చూశాను. పోయిన నేల 3,304 చ.కి.మీ. పోయిన జనం 11.09 లక్షలు. అంటే జిల్లాలో ఐదో వంతు కూడా నేల పోలేదు, జనం మాత్రం మూడో వంతు పోయారు.

సాంద్రత కూడా చూడండి. పాత జిల్లా అంతా కలిపి చదరపు కిలోమీటరుకి 193. 2022లో మిగిలిన జిల్లాకి 160. మరి వెళ్లిపోయిన 18 మండలాలకి? 336! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 308 కంటే అది ఎక్కువ.

ఇంకో తమాషా. 2022కి ముందు విస్తీర్ణంలో అనంతపురం, కర్నూలు, తర్వాత మూడోది ప్రకాశం. ముక్క కోసేశాక రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. మిగతా పెద్ద జిల్లాల్ని ఇంకా ఎక్కువ కోశారు కాబట్టి.

కనిగిరి_కుర్రోడు | 6 జూలై 2025, రాత్రి 11:08

కాగితం_కలం అన్నా, మేం ఎప్పట్నుంచో మొత్తుకునేది అదే. నీళ్లున్న ముక్క, జనమున్న ముక్క అటు పోయింది. మిగిలిన దాంట్లో కూడా ఒంగోలు ఒక్కటే రెండు లక్షల చిల్లర. దాన్ని, చుట్టుపక్కల నాగులుప్పలపాడు, టంగుటూరు, మీ సింగరాయకొండ వైపు ఊళ్లని పక్కన పెట్టి చూడండి. మా హనుమంతునిపాడు, వెలిగండ్ల, చంద్రశేఖరపురం, పెదచెర్లోపల్లి మండలాల్లో ఊరికీ ఊరికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో బండి మీద వెళ్తేనే తెలుస్తుంది. 160 అన్న అంకె ఒంగోలుకీ సరిపోదు, మాకూ సరిపోదు. ఎవరి గురించి చెప్తున్నట్టు అది?

దోర్నాల_ఘాట్ | 7 జూలై 2025, ఉదయం 6:31

ఖాళీ అంతా కరువు వల్లే అంటే ఒప్పుకోను. పాత జిల్లాలో దాదాపు నాలుగో వంతు అడవి. ఆ అడవిలో చాలా భాగం నల్లమల, అది మన వైపే మిగిలింది. 14,322లోంచి సుమారు 4,400 అడవి తీసేసి లెక్కేస్తే సాంద్రత 230 దగ్గరికి వస్తుంది. పులుల అభయారణ్యంలో జనం తక్కువ ఉన్నారని బాధపడితే ఎలా?

అడవిలో అసలు మనుషుల్లేరనీ కాదు. యర్రగొండపాలెం, దోర్నాల, పెద్దారవీడు, అర్ధవీడు మండలాల్లో చెంచు గూడేలున్నాయి. పాలుట్ల లాంటి గూడెం నుంచి రేషన్‌కి రావాలన్నా, పురుడు పోసుకోవాలన్నా అడవి దాటాలి. సగటులో వాళ్లు కనపడరు. కానీ అంబులెన్సు నడిపేవాడికి తెలుసు.

కనిగిరి_కుర్రోడు | 7 జూలై 2025, ఉదయం 7:15

ఘాట్ అన్నా, నల్లమల మీ వైపు. మా కనిగిరి డివిజన్‌లో పులులెక్కడివి? ఉన్నదంతా సర్కారు తుమ్మ.

ఒంగోలు_కర్నూల్_రోడ్డు | 7 జూలై 2025, ఉదయం 10:02

తూర్పు అంటే స్వర్గం అన్నట్టు రాస్తున్నారు. కొత్తపట్నం వైపు వచ్చి చూడండి. తీరం వెంట ఉప్పుటేళ్లు, రొయ్యల చెరువులు. బావుల్లో ఉప్పు నీళ్లు. సాగర్ కాలువ మనదాకా వస్తుందంటారు గానీ మేం ఉన్నది చిట్టచివర. పైన దర్శి, అద్దంకి వాళ్లు తడుపుకున్నాక మిగిలితే మాకు. గుండ్లకమ్మ మీద మల్లవరం దగ్గర రిజర్వాయరు కట్టారు, 2022 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వెళ్లగానే ఇంకోటి. నీళ్లన్నీ సముద్రంలోకి పోతుంటే గట్టు మీద నిలబడి చూశాం.

కందుకూరు_అక్క | 7 జూలై 2025, ఉదయం 11:20

మా సంగతి ఎవరూ అడగరేం. ఒంగోలు మాకు గంట ప్రయాణం. నెల్లూరుకి అంతకు రెట్టింపు పైనే. పార్లమెంటు నియోజకవర్గమే జిల్లా అన్నారు, మేం నెల్లూరు పార్లమెంటులో ఉన్నాం కాబట్టి అటు నెట్టారు. మరి సంతనూతలపాడు బాపట్ల పార్లమెంటులో ఉంది కదా, దాన్ని మాత్రం ఒంగోలుకి దగ్గరని ప్రకాశంలోనే ఉంచారు. అదే దగ్గర మాకు వర్తించదా? పిల్లల కాలేజీలు, ఆసుపత్రి, పొగాకు అమ్మకం, పెళ్లి బట్టలు, అన్నిటికీ ఒంగోలే వెళ్తాం. కలెక్టరు ఆఫీసుకి మాత్రం నెల్లూరు.

నెల్లూరు_పెన్నగట్టు | 7 జూలై 2025, మధ్యాహ్నం 1:05

అక్కా, స్వాగతం అనాలో సారీ అనాలో తెలియట్లేదు. అయినా మీరు మా ఇంటి ఆడపడుచులే. 1970కి ముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లా తాలూకాలే కదా. ఒంగోలు కూడా 1904లో గుంటూరు జిల్లా పుట్టేదాకా మాదే. ఆ తర్వాత గుంటూరుకి పోయింది, 1970లో మళ్లీ విడిపోయింది.

అసలు మాట. నెల్లూరు అనగానే అందరికీ పెన్నా, సోమశిల, వరి మడులే గుర్తొస్తాయి. సోమశిల 78 టీఎంసీలు, కండలేరు 68, నిజమే. కానీ ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు వెళ్తే కనిగిరికీ వాటికీ తేడా కనిపెట్టలేరు. అదే ఎర్ర నేల, అదే రాళ్ల గుట్టలు, అవే ఎండిన బోర్లు. వెలిగొండల నీడ పడ్డ మెట్ట అంతా ఒకటే దేశం. జిల్లా గీత మధ్యలోంచి పోయింది, అంతే.

పొదిలి_మాస్టారు | 7 జూలై 2025, రాత్రి 8:30

నెల్లూరు ఆయన మంచి మాట అన్నారు. స్వాతీ, పరీక్ష కోసం కాకపోయినా ఇది తెలుసుకో.

మన జిల్లాని మూడు జిల్లాల మూలలు కత్తిరించి అతికించారు. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు. కర్నూలు నుంచి మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు. ఆయా జిల్లాల్లో అవి అంచులు. ఏ ముఖ్య పట్నానికీ దగ్గర కావు. అంచులన్నీ కలిపి ఒక జిల్లా చేస్తే కొత్త ముఖ్య పట్నం ఒంగోలు మళ్లీ సముద్రానికి దగ్గర్లో, తూర్పు కొసన పడింది. గిద్దలూరు నుంచి, యర్రగొండపాలెం నుంచి సోమవారం అర్జీ ఇవ్వడానికి ఒంగోలు రావాలంటే పోను నూట ముప్పై కిలోమీటర్ల పైనే.

రైలు చూడు. ఒంగోలు మీదుగా పోయేది చెన్నై–విజయవాడ మెయిన్ లైను. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, దొనకొండ స్టేషన్లు గుంటూరు–నంద్యాల లైనులో ఉన్నాయి. రెండు లైన్లకీ జిల్లాలో ఎక్కడా కలయిక లేదు. దొనకొండలో రైలెక్కినవాడు వినుకొండ, నరసరావుపేట, గుంటూరు పోతాడు. ఒంగోలు పోలేడు. అందుకే పడమటి వాళ్ల సంతలు, చదువులు, చివరికి కూలి పనులు కూడా గుంటూరు వైపు సాగాయి. నడికుడి–శ్రీకాళహస్తి లైను దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా మంజూరైంది. అది పూర్తయినా ఉత్తరం నుంచి దక్షిణానికి పోయేదే. పడమటిని తూర్పుతో కలపదు.

నీళ్ల సంగతికొస్తే, మన ముఖ్యమైన నది గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం వైపు వచ్చి, జిల్లా దాటి వినుకొండ వైపు పోయి, మళ్లీ అద్దంకి దగ్గర తిరిగి వచ్చి ఒంగోలు పక్కన సముద్రంలో కలుస్తుంది. గిద్దలూరు దగ్గరి సగిలేరు మాత్రం మనకి వీపు చూపించి కడప వైపు, పెన్నాలోకి పోతుంది. మూసి, మన్నేరు, పాలేరు వాన పడితే ఏళ్లు, లేకపోతే ఇసుక. నైరుతి మేఘాలు నల్లమల దాటేసరికి పల్చబడతాయి. ఈశాన్యం వానలు, తుపాన్లు తీరాన్ని తడిపి లోపలికొచ్చేసరికి నీరసిస్తాయి. పొదిలి, కనిగిరి సరిగ్గా మధ్యలో ఉన్నాయి. రెండు వైపులా మోసం.

కంభం చెరువు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. రెండు కొండల మధ్య సందుకి కట్ట వేసి గుండ్లకమ్మని ఆపారు. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంఘం దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. వందల ఏళ్ల నాటి కట్ట ఇంకా నిలబడి ఉంది. నిండటమే అరుదు.

చీమకుర్తి_నల్లరాయి | 7 జూలై 2025, రాత్రి 9:18

మాస్టారు రాసింది సేవ్ చేసుకున్నా. మా చీమకుర్తి గురించి కూడా చెప్పుకోవాలి. గెలాక్సీ గ్రానైట్ రాయి ప్రపంచమంతా ఇక్కడి నుంచే పోతుంది. క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పని చేసేవాళ్లు ఒడిశా, బిహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు. సాయంత్రం సెంటర్‌లో నిలబడితే తెలుగు కంటే హిందీ ఎక్కువ వినపడుతుంది. ఇక్కడ్నుంచి గంటన్నర దూరంలో ఉన్న మనవాళ్లేమో హైదరాబాదు, బెంగళూరుకి బేల్దారి పనులకి పోతారు. పక్క ఊరి వాడికి ఇక్కడ పని ఎందుకు దొరకదో ఎవరైనా చెప్పండి.

కనిగిరి_కుర్రోడు | 7 జూలై 2025, రాత్రి 9:47

దొరక్క కాదు భయ్యా. హైదరాబాదులో మేస్త్రీ మా ఊరివాడే. అడ్వాన్సు ముందే ఇస్తాడు, గది వాడే చూస్తాడు, పండక్కి పంపిస్తాడు. చీమకుర్తిలో మాకు తెలిసినవాడు ఎవడు? వలస దూరం చూసి పోదు, తెలిసిన మనిషిని చూసి పోతుంది. నేనూ అలాగే వచ్చా ఇక్కడికి.

ఇంతకీ నీళ్లు. మాస్టారు పెద్దమనిషి కాబట్టి మెల్లగా చెప్పారు. మా దగ్గర బోరు వేస్తే ఫ్లోరిన్. మర్రిపూడి, కొనకనమిట్ల, కనిగిరి, పామూరు, ఎక్కడ చూసినా పళ్లు గారపట్టినవాళ్లు, నడుం వంగినవాళ్లు కనిపిస్తారు. ఇప్పుడు దానికి తోడు కిడ్నీ జబ్బులు. క్యాన్ నీళ్లు కొనలేనివాడు బోరు నీళ్లే తాగుతాడు. మా అమ్మ ఇప్పటికీ టీకి క్యాన్ నీళ్లు, అన్నానికి బోరు నీళ్లు అని రెండు బిందెలు పెడుతుంది. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది "మీ ఊరికి సాగర్ నీళ్లు వస్తాయా?" అని. ఈ మాట ఏ సెన్సస్ ఫారంలో ఉంటుంది?

దోర్నాల_ఘాట్ | 8 జూలై 2025, ఉదయం 6:10

అందుకే వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నుంచి మా దోర్నాల వైపు రెండు సొరంగాలు, ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు. కృష్ణ వరద నీళ్లు 43.5 టీఎంసీలు తెచ్చి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండ సందుల్ని మూసి కట్టిన నల్లమల సాగర్‌లో నింపాలి. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకి సాగునీరు, 15 లక్షల మందికి పైగా తాగునీరు అని కాగితం మీద ఉంది. 1996లో శంకుస్థాపన. 2004లో మళ్లీ పనులు మొదలు. సొరంగాలు 2024 మార్చిలో ప్రారంభించారు. నీళ్లు ఇంకా రాలేదు, ముంపు గ్రామాల పునరావాసం తేలలేదు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు.

నాయకుడి_అభిమాని | 8 జూలై 2025, ఉదయం 8:44

వెలిగొండ ఎవరు మొదలుపెట్టారు, ఎవరు ఆపారు, చరిత్ర తెలుసుకుని మాట్లాడండి. మా నాయకుడు లేకపోతే [మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్ | 8 జూలై 2025, ఉదయం 9:01

పార్టీ గొడవలకి వేరే విభాగం ఉంది. ఇక్కడ భూగోళం, జనాభా, నీళ్లు మాత్రమే. ఇంకోసారి అయితే థ్రెడ్ మూసేస్తాను. మాస్టారు చెప్పేది వినాలని నాకూ ఉంది.

యర్రగొండపాలెం_టీ_కొట్టు | 8 జూలై 2025, మధ్యాహ్నం 2:36

అన్నీ చదివాను. ఒక సందేహం. జూన్ 16న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది కదా, కొత్త జనాభా లెక్కలకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే ఇంటింటికీ తిరిగేది ఫిబ్రవరిలో. ఫిబ్రవరిలో మా వైపు ఊళ్లలో ఎవరుంటారు? సంక్రాంతి అవగానే యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం వైపు కాలనీలకి కాలనీలు తాళాలేసి గుంటూరు, పల్నాడుకి మిరపకాయ కోతలకి పోతాయి. మళ్లీ ఉగాది అటూ ఇటూగా వస్తారు. టీ కొట్టు పెట్టుకున్నవాణ్ని, నా వ్యాపారమే చెప్తుంది. ఆ రెండు నెలలు సగం పాలు పోయించుకుంటాను. 2011లో కూడా ఫిబ్రవరే కదా? మరి ఆ 22.88 లక్షల్లో మావాళ్లు ఉన్నారా, లేరా?

కాగితం_కలం | 8 జూలై 2025, మధ్యాహ్నం 3:10

ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అసలైన ప్రశ్న ఇది. నేను వేసిన భాగహారాలన్నీ పైనున్న అంకె నిజమని నమ్మి వేసినవే.

ఒంగోలు_కర్నూల్_రోడ్డు | 8 జూలై 2025, సాయంత్రం 4:55

అంత కంగారు అక్కర్లేదు. సొంత ఊరు అడిగి రాసుకుంటారుగా. ఆధార్, రేషన్ కార్డు ఇక్కడివే.

పొదిలి_మాస్టారు | 8 జూలై 2025, రాత్రి 8:50

జనాభా లెక్కకీ ఆధార్‌కీ సంబంధం లేదు నాయనా. 2001లోనూ 2011లోనూ ఎన్యూమరేటర్‌గా తిరిగినవాణ్ని, మాకు ఇచ్చిన పద్ధతి చెప్తాను.

2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్క. ఆ రోజుల్లో ఏ ఒక్క రోజైనా మనిషి తన ఇంట్లో ఉంటే, లేదా 28 లోపు తిరిగి వస్తాడని ఇంట్లోవాళ్లు చెప్తే, ఇంటి దగ్గరే రాస్తాం. ఆ గడువు మొత్తం ఊళ్లో లేనివాణ్ని మాత్రం ఇక్కడ రాయకూడదు. అతను ఎక్కడుంటే అక్కడి ఎన్యూమరేటర్ రాసుకోవాలి. ఇల్లు వాకిలి లేనివాళ్లని 28వ తేదీ రాత్రి లెక్కపెడతారు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగి, ఈ లోపల పుట్టినవాళ్లని, పోయినవాళ్లని సరిచేస్తాం.

పుస్తకంలో పద్ధతి బాగానే ఉంది. మిరప చేలో ఏం జరుగుతుందో ఆలోచించండి. కోతలకి పోయినవాళ్లు రైతు చేను పక్కన పట్టాలు కప్పుకుని ఉంటారు. అది ఇల్లూ కాదు, అలాగని రోడ్డు మీద పడుకునే నిరాశ్రయులూ కాదు. ఒక చేను కోత అయిపోతే వారంలో ఇంకో ఊరికి మారతారు. అక్కడి ఎన్యూమరేటర్ దగ్గరున్న ఇళ్ల జాబితాలో ఆ గుడారం ఉండదు. ఆయన శ్రద్ధగలవాడైతే చేలోకి వెళ్లి రాస్తాడు. లేకపోతే "మీ ఊళ్లో రాసి ఉంటారులే" అంటాడు. ఇక్కడ మేం "అక్కడ రాసుకుని ఉంటారులే" అంటాం.

నా బ్లాకులో చాలా ఇళ్లలో ముసలివాళ్లు, చిన్న పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లని రాశాను. "నాన్న ఎప్పుడొస్తాడు?" అంటే "ఉగాదికి" అని చెప్పేవాళ్లు. ఉగాదికి అంటే నేను రాయకూడదు. పిల్లల కోసం బళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టేవాళ్లం, వలస పోయిన తల్లిదండ్రుల పిల్లలు అక్కడే తిని చదువుకునేవాళ్లు. అంటే వలస ఉందని విద్యాశాఖకి తెలుసు. అదే నెలలో లెక్క పెట్టేవాళ్లకి మాత్రం తాళం వేసిన ఇల్లే.

ఎంతమంది తప్పిపోయారో నేను చెప్పలేను. కానీ తప్పిపోయేవాళ్లు ఎక్కువగా ఏ ఊళ్ల వాళ్లో, ఏ కాలనీల వాళ్లో చెప్పగలను.

కనిగిరి_కుర్రోడు | 8 జూలై 2025, రాత్రి 9:22

మాస్టారూ, పాదాభివందనం. అంటే మా దగ్గర జనం తక్కువ అని చెప్పే అంకె, మా జనం ఊళ్లో లేనప్పుడు తీసిన ఫోటో అన్నమాట.

ఒంగోలు_కర్నూల్_రోడ్డు | 8 జూలై 2025, రాత్రి 9:51

మాస్టారు చెప్పింది కాదనను. కానీ కోతలకి పోయేవాళ్లంతా కలిపినా 160 కాస్తా 165 అవుతుందేమో, 336 కాదు. పడమర పల్చగా ఉందన్న మాట మారదు. నీళ్లు లేకనే జనం లేరు. దాన్ని లెక్కల తప్పుగా చూపించకండి.

పొదిలి_మాస్టారు | 8 జూలై 2025, రాత్రి 10:15

జిల్లా మొత్తం సగటు పెద్దగా మారదు, నిజమే. నేను జిల్లా గురించి అనలేదు. ఆరువందల గడప ఉన్న పంచాయతీ గురించి అంటున్నాను. అక్కడ వందమంది తప్పిపోతే తేడా కాదా? పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధులు ప్రధానంగా జనాభాని బట్టే. అంగన్‌వాడీ, ఉప ఆరోగ్య కేంద్రం కూడా జనాభా ప్రమాణంతోనే మంజూరు చేస్తారు. ఎంపీటీసీ స్థానాలూ అంతే. తలల లెక్కన డబ్బు వస్తుంది, ఖర్చు మాత్రం కిలోమీటర్ల లెక్కన అవుతుంది. పైపు లైను వేస్తే పల్చటి ఊళ్ల మధ్య రెండింతలు వెయ్యాలి. ఆ పైన తలలు కూడా తక్కువ రాస్తే వాళ్లకి ఏం మిగులుతుంది? పైగా ఒకసారి రాసిన అంకె ఎన్నాళ్లు వాడతారో చూశారుగా. 2011ది ఈ రోజుకీ నడుస్తోంది.

చీమకుర్తి_నల్లరాయి | 8 జూలై 2025, రాత్రి 10:40

ఇటు రివర్స్‌లో కూడా చూడండి. క్వారీ షెడ్లలో ఉండే బిహార్ వాళ్లని ఇక్కడ రాస్తే మా మండలం జనాభా పెరుగుతుంది. వాళ్ల ఊళ్లో కూడా ఎవరో ఒక మాస్టారు తాళం వేసిన ఇల్లు చూస్తుంటారు.

కందుకూరు_అక్క | 9 జూలై 2025, ఉదయం 9:30

పనిలో పని, జిల్లా సరిహద్దుల్లో మార్పులు ఏమైనా ఉంటే ఈ డిసెంబరు 31 లోపే చేసుకోమన్నారు. ఆ తర్వాత లెక్కలు పూర్తయ్యేదాకా కదలవు. మార్కాపురం జిల్లా అడిగేవాళ్లు, మమ్మల్ని ఒంగోల్లో కలపమని అడిగే మేము, ఎవరైనా సరే ఈ ఆరు నెలల లోపే తేల్చుకోవాలి.

దోర్నాల_ఘాట్ | 9 జూలై 2025, ఉదయం 9:58

మార్కాపురం జిల్లా వస్తే సాంద్రత ఇంకా పడిపోతుంది, అడవి అంతా మాకే. పర్వాలేదు. కలెక్టరు ఆఫీసుకి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు. అది చాలు. కానీ ఒకటి, పలకల పరిశ్రమ తప్ప చెప్పుకోదగ్గ ఆదాయం లేని ప్రాంతం. జిల్లా బోర్డు మారినంత మాత్రాన కొల్లంవాగు నీళ్లు నడిచి రావు.

స్వాతి_సింగరాయకొండ | 9 జూలై 2025, రాత్రి 8:05

ఒక ప్రశ్న అడిగితే ఇంత దొరుకుతుందని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. పరీక్షకి 2022 పునర్విభజన తర్వాతి లెక్క 14,322, 22.88 లక్షలు, 160 అని రాసుకున్నాను. మాస్టారూ, ఇంకొక్కటి. యర్రగొండపాలెం అన్న అడిగినదానికి 2027లో ఏం చేయాలి? మా ఊరి నుంచి కూడా కొన్ని కుటుంబాలు మిరప కోతలకి పోతాయి.

పొదిలి_మాస్టారు | 9 జూలై 2025, రాత్రి 8:44

పద్ధతి గతసారి లాగే ఉంటుందనుకుని చెప్తున్నాను. 2026లో మొదట ఇళ్ల జాబితా రాస్తారు. అప్పుడు తాళం వేసిన ఇంటిని కూడా జాబితాలో ఎక్కించారో లేదో ఊళ్లో చదువుకున్న పిల్లలు చూసుకోవాలి. ఫిబ్రవరి 2027లో లెక్క తేదీలు ముందే ప్రకటిస్తారు. మేస్త్రీలకి ఆ తేదీలు చెప్పి, గడువు లోపల ఒక్క రోజు ఊరికి రాగలిగినవాళ్లని రమ్మనండి. వచ్చిన రోజునే ఎన్యూమరేటర్‌కి కబురు చేయండి. రాలేనివాళ్లు ఏ ఊరి పొలంలో ఉన్నారో ఆ గ్రామ సచివాలయానికి వెళ్లి "మమ్మల్ని ఇక్కడ రాయండి" అని అడగాలి. రెండు చోట్లా రాయించుకోకూడదు, అది కూడా చెప్పండి.

ఈసారి ఫోన్‌లో సొంతంగా వివరాలు నింపే వీలు కూడా ఉంటుందంటున్నారు. ఆ పని మీలాంటి పిల్లలు దగ్గరుండి చేసి పెట్టాలి.

యర్రగొండపాలెం_టీ_కొట్టు | 9 జూలై 2025, రాత్రి 9:10

మా దగ్గర మేస్త్రీలంతా కొట్టు దగ్గరే కూర్చుంటారు మాస్టారూ. తేదీలు రాగానే బోర్డు మీద రాసి పెడతా. పల్నాడు వైపు రైతులు ఎవరైనా ఈ వేదికలో ఉంటే, మీ చేలోకి వచ్చిన మావాళ్ల దగ్గరికి ఎన్యూమరేటర్‌ని కాస్త తీసుకెళ్లండి.

పల్నాడు_మిరప_రైతు | 10 జూలై 2025, ఉదయం 5:52

ఉన్నానన్నా. మా పొలానికి వచ్చేది పుల్లలచెరువు ముఠానే. తేదీలు రాగానే ఇక్కడే పెట్టండి, మా ఊరి సచివాలయంలో నేను మాట్లాడతా.